బొటనవేలి కింది నంబరు

పోయిన నెలలో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంటుకు పలకరింపుకు వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ పొడుగాటి రిజిస్టరొకటి నా ముందుకు తోశాడు. పేరు రాయాలి, ఎక్కణ్ణుంచి వచ్చామో రాయాలి, ఫోన్ నంబరు రాయాలి, ఏ ఫ్లాటుకో రాయాలి, చివరి గడిలో ఏం పనో రాయాలి. ఏం రాయను? "చావు" అని రాశాను. నా పైవరసలో ఒకావిడ పేరు, నంబరు ఉన్నాయి. ఆవిడ పని గడిలో "పిచ్చి డాక్టరు దగ్గరికి" అని వాచ్‌మనే తన చేత్తో రాసి పెట్టాడు. ఆవిడ ఎవరో నేనెరగను. కానీ ఎందుకొచ్చిందో నాకు తెలిసిపోయింది. నా వెనకాల నిలబడ్డ కొరియరువాడికీ తెలిసిపోయింది.

"ఎందుకయ్యా ఇదంతా?" అన్నాను.

"సెక్యూరిటీ సార్. తప్పు చెయ్యనివాళ్ళకు భయమెందుకు?" అన్నాడు కన్నడలో, పళ్ళు కుట్టుకుంటూ.

ఆ మాట ఒకప్పుడు నాది. ఏళ్ళ తరబడి ఛాతీ విరుచుకుని వాడిన మాట. దాన్ని నా నోట్లోంచి ఊడబెరికిన మనిషి ఆ రోజు పైన మూడో అంతస్తులో, తమ్ముడి కొడుకు ఇంట్లో, ఒక పీట మీద ఫోటోగా మారి ఉంది. ఆమె దగ్గరికి చేరడానికి నేను నా వివరాలన్నీ నలుగురూ చదివేటట్టు రాసి పోవలసి వచ్చింది. ఆమె బతికి ఉంటే ఆ గేటు దాటేది కాదు. తిరిగి ఇంటికి పోయేది.

బెంగుళూరు అంచున ఫ్యాక్టరీల మధ్య ఉండే మా హెబ్బగోడిలో అందరూ ఆమెను ఆపరేటరమ్మ అనేవారు. అసలు పేరు నాకు తెలుసు. రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో చాలా ఏళ్ళు ట్రంక్ కాల్స్ కలిపిన మనిషి. తలకు ఇనుప పట్టీ, చెవికి రిసీవరు, ఎదురుగా తీగలు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో వినాలంటే ఆమెకు వేలు కదిపినంత పని. మిషన్లు వచ్చి ఆపరేటర్ల అవసరం తగ్గాక, తొంభైల మొదట్లో ఉద్యోగం వదిలి హెబ్బగోడిలో ఎస్టీడీ బూత్ పెట్టుకుంది. అక్కడెందుకమ్మా అంటే, "ఫ్యాక్టరీ పిల్లోండ్లు ఊర్లకి ఫోన్ చేసుకోవాల గదప్పా, వాండ్లకి ఇండ్లల్లో ఫోన్లుండాయా?" అనేది.

ఆమె బూత్ నడిపే తీరే వేరు. అద్దాల గదిలో మనిషి మాట్లాడుతుంటే ఆమె అటు వీపు పెట్టి కూర్చునేది. మనకు ఆమె జడ ముడి తప్ప ముఖం కనబడేది కాదు. రేడియో ఎప్పుడూ మోగుతుండేది. లోపలివాళ్ళ గొంతు పెరిగితే రేడియో గొంతు కూడా పెరిగేది. ఎవరైనా ఏడవడం మొదలుపెడితే ఆమె చీపురు తీసుకుని వాకిలి ఊడవడానికి బయటికి వచ్చేసేది. వరసలో నిలబడ్డవాళ్ళను కూడా, "జరగండప్పా, దుమ్ము" అని మెట్లు దింపేది. వాకిలి అంత శుభ్రంగా ఉన్న బూత్‌ను నేను బెంగుళూరంతటా చూడలేదు. ఫ్యాక్టరీ పిల్లలు అంతగా ఏడ్చేవారు మరి.

మాట్లాడ్డం అయ్యాక మిషను గరగరమని చీటీ కక్కుతుంది. నంబరు, నిమిషాలు, ఎంతివ్వాలో అన్నీ అందులో ఉంటాయి. ఆమె చీటీ చింపడమే ఒక విద్య. చింపుతూనే ఎడమచేతి బొటనవేలు నంబరు మీద పడేది. కింద డబ్బు మాత్రం చదివి చెప్పి, చీటీని రెండు మడతలు వేసి చేతికిచ్చేది. ఆ బొటనవేలు నంబరు మీది నుంచి జరగడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె తన కళ్ళను తానే నమ్మేది కాదనుకుంటాను.

ఇక నా సంగతి. ఐదో క్లాసులో బడి మానేసి లేతు మిషను దగ్గర పనికి చేరినవాణ్ణి. మిగతా చదువంతా పబ్లిక్ లైబ్రరీలో, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని సంపాదించుకున్నాను. చట్టం గురించి, ప్రజాస్వామ్యం గురించి గంట మాట్లాడగలను. హెబ్బగోడిలో ఆరు రూములు వరసగా కట్టి ఫ్యాక్టరీ పిల్లలకు అద్దెకిచ్చాను. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఎవరు ఎన్నింటికి పోయారు, ఎవరు ఎవరితో వచ్చారు, ఎవరి మొహం వాడిపోయి ఉంది, అన్నీ నా కంట్లో పడాల్సిందే. కాపలా అనుకునేవాణ్ణి దాన్ని. ప్రేమ అని కూడా అనుకునేవాణ్ణి.

ఒకసారి రెండో రూము పిల్ల వారానికి మూడుసార్లు బూత్‌కు పోతోందని గమనించాను. ఆపరేటరమ్మ దగ్గరికి వెళ్ళి అడిగాను. సాయంత్రం, వరసలో ఆరుగురు ఉన్నారు.

"ఏమమ్మా, మా రెండో రూము పిల్ల ఎవరికి ఫోన్ చేస్తా ఉండాది?"

"ఫోన్లో ఉండేవాండ్లకి."

"ఎగతాళి వద్దు. నేను ఓనర్ని. నా ఇంట్లో ఏం జరుగుతాండాదో నాకు తెలియాల."

"గోడలు నీవే ఓనరప్పా. నోరు ఆ పిల్లది."

వరసలో ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "తప్పు చెయ్యనోళ్ళకి భయమేంటికి? నన్ను చూడు. నాకు దాచిపెట్టుకునేది ఏమీ లేదు. నా బతుకు తెరిచిన పుస్తకం" అన్నాను అందరికీ వినబడేటట్టు.

ఆమె సొరుగు లాగి ఒక పాత కవరు తీసింది. నేను మాట్లాడి బయటికొస్తూ పారేసిపోయే చీటీలన్నీ అందులో ఉన్నాయి. పారేసినవి కూడా ఇంకొకరి కంట పడకూడదని ఏరి పెట్టేదట.

"ఇవి నీవి. తెరిచిన పుస్తకం అంటివి గదా. గట్టిగా చదువు. ఇంతమంది ఉండారు, వింటారు."

పౌరుషానికి పోయి చదివాను. మొదటిది నాతో పనిచేసిన నేస్తం నంబరు. రెండోది చిక్కబళ్ళాపురంలో మా బావమరిది నంబరు. మూడో చీటీ దగ్గర నా గొంతు ఆగిపోయింది. అది పిచ్చాసుపత్రి నంబరు. అప్పుడు నా భార్య అక్కడ ఉంది. ఆరు వారాలుగా ఉంది. వీధిలో అందరికీ పుట్టింటికి పోయిందని చెప్పాను. నేను చేసిన తప్పేముంది అందులో? ఆమె చేసిన తప్పేముంది? ఏమీ లేదు. అయినా ఆరుగురి ముందు ఆ ఆరంకెలు నా నోట్లోంచి రాలేదు.

"చదువప్పా."

నేను చీటీని అరచేత్తో కప్పాను.

"తప్పు పనా అది?" అంది, ఈసారి చిన్న గొంతుతో.

"కాదు."

"కాదని నాకూ తెలుసు. ఏమి నంబరో తెలీకుండానే తెలుసు." చీటీ నా చేతిలోంచి తీసుకుని, బొటనవేలు అంకెల మీద పెట్టి, మడిచి, నా చొక్కా జేబులో పెట్టింది. "ఇంటికి పో ఓనరప్పా. ఇంగ పారేయొద్దు."

బుద్ధి తెచ్చుకున్నానని రాస్తే బాగుంటుంది. కానీ నేను తెచ్చుకోలేదు. అవమానమైందని నాలుగు నెలలు పక్క ఊరు చందాపుర దాకా నడిచి వేరే బూత్‌లో ఫోన్ చేసుకున్నాను.

తరువాత రోజులు మారాయి. అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు రావడం మొదలైంది. ఎస్టీడీ బూత్ గిరాకీ పడిపోయింది. ఆమె అద్దాల గది ఊడబీకించి, మూడు కంప్యూటర్లు పెట్టి బ్రౌజింగ్ సెంటర్ చేసింది. వడ్రంగిని పిలిచి ఒక్కో కంప్యూటరుకూ మూడు వైపులా చెక్క తడికలు కట్టించింది. కంప్యూటరు నేర్పడానికి వచ్చిన కుర్రవాడితో ఆమె అన్న మొదటి మాట నేను విన్నాను. "ముందు తుడిచేది నేర్పప్పా. రాసేది తర్వాత." ఒక మనిషి లేచి వెళ్ళగానే ఆమె వెళ్ళి తడిగుడ్డతో కీబోర్డు తుడిచేది, ఆ వెంటనే కంప్యూటరు లోపల ఎవరేం చూశారో ఆ జాడ కూడా తుడిచేసేది. "తుడిచేసినా, కూర్చో తల్లీ" అని పిలిచాకే తరువాతి మనిషి కూర్చోవాలి.

పోలీసులు బ్రౌజింగ్ సెంటర్లన్నీ వచ్చినవాళ్ళ పేర్లు రాసి పెట్టాలన్నారు. ఆమె రాసింది, చట్టం దాటే మనిషి కాదు. కానీ వరసగా రిజిస్టరులో కాదు. ఒక్కో మనిషికి ఒక్కో చీటీ. ముందు ఎవరొచ్చారో తరువాతివాళ్ళు చదవకూడదని. ఆ చీటీలన్నీ ఇనుప పెట్టెలో, తాళం కొంగుకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

మా నాలుగో రూములో ముగ్గురు పిల్లలుండేవారు. దగ్గర్లో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పని. వాళ్ళలో గౌరిది మదనపల్లె వైపు. తండ్రి లేడు. తమ్ముణ్ణి చదివిస్తోంది. ఒక రోజు ఆ ఫ్యాక్టరీలో చొక్కాలు కొనే విదేశీ కంపెనీకి ఎవరో ఈమెయిల్ రాశారు. బాత్‌రూములకు తాళం వేస్తున్నారని, టోకెను లేకుండా ఆడపిల్లల్ని పోనివ్వడం లేదని. ఆ కంపెనీ దాన్ని ఫ్యాక్టరీకే తిప్పి పంపింది; ఉత్తరం ఆదివారం పదకొండు ప్రాంతంలో పోయినట్టు దాని మీదే ఉందట. హెబ్బగోడిలో ఆదివారం తెరిచి ఉండే బ్రౌజింగ్ సెంటర్ ఆపరేటరమ్మది ఒక్కటే.

సోమవారం ఫ్యాక్టరీ ఆఫీసు మనిషి ఒకడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న డైరీ, ఆమె ముందు నిలబడ్డాడు. నేను ఎదురుగా సోడా కొట్టు దగ్గర ఉన్నాను.

"నిన్న వచ్చినోళ్ళ పేర్లు చూపించమ్మా."

"పోలీసు కాగితం తీసుకోని రాప్పా, చూపిస్తా."

"మా ఫ్యాక్టరీ పిల్లల వల్లనే నీ అంగడి నడుస్తా ఉండాది. తెలుసా?"

"తెలుసప్పా. అందుకే చూపీను."

అతను కాసేపు ఆమెను చూసి, వీధి అంతా చూసి, నన్ను చూశాడు. నేను ఇంటికి మళ్ళితే నా వెనకే గేటు దాకా వచ్చాడు. సార్ అన్నాడు. కాఫీ ఇచ్చాను. నా గోడ మీది పుస్తకాల అలమర చూసి మెచ్చుకున్నాడు. "మీ అట్ల పెద్దమనుషులు ఉండే చోట పిల్లలు చెడిపోరు సార్. ఎవరో బయటోళ్ళు రాసుంటారు. మీ రూముల్లో పిల్లలు ఎవురూ ఆడికి పోలేదు గదా?"

దేవుడా, నేను ఎంత తెలివితక్కువగా, ఎంత గర్వంగా జవాబు చెప్పాను! "మా పిల్లలు అట్లాంటివాళ్ళు కాదు. గౌరి పోయింది, నిజమే. నాకు చెప్పే పోయింది. పదీ ముప్పావుకు పోయి పన్నెండుకు వచ్చింది. తమ్ముడి పదో తరగతి మార్కులు చూసుకోవడానికి. అందులో దాచేదేముంది?"

అతను డైరీలో రాసుకున్నాడు. పదీ ముప్పావు, పన్నెండు. కాఫీ బాగుందని చెప్పి పోయాడు. ఒక పిల్ల మంచితనానికి సాక్ష్యం చెప్పానని నేను ఆ పూట సంతోషంగా అన్నం తిన్నాను.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు గౌరి తిరిగి వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా అట్లాగే ఉంది.

"లోపలికి రానీలేదు తాతా. ఆదివారం నెట్ సెంటరుకు ఏంటికి పోయినావంటారు. తమ్ముని మార్కులకంటే నగుతారు. నీ పక్కన ఎవురు కూర్చోనుండిరో చెప్పు, చెప్తే లోపలికి రా అంటారు. లేదంటే నువ్వే రాసినట్లు అంటారు. రేపు పొద్దున దాకా టైమిచ్చినారు."

"నీ పక్కన ఎవరుండిరి?" అన్నాను. అలవాటు అంత చెడ్డది!

ఆ పిల్ల నా వైపు చూసి, రూములోకి పోయి తలుపేసుకుంది.

నేను ఆపరేటరమ్మ దగ్గరికి పరుగెత్తాను. సెంటరులో ఎవరూ లేరు. జరిగిందంతా చెప్పేశాను, డైరీ, కాఫీ, అన్నీ. "ఎట్లయినా ఆ పిల్ల మార్కులే చూసిందని చూపించు తల్లీ. కంప్యూటరులో జాడ ఉంటుంది గదా. ఒక కాగితం తీసియ్యి. దాని ఉద్యోగం నిలబడుతుంది."

"తుడిచేసినా గదప్పా."

"అయితే చీటీలు చూపించు. ఆ పిల్ల ఏ కంప్యూటరు దగ్గర కూర్చుందో..."

"చూపిస్తే ఏమవుతాది? గౌరి కాదు అని తేలుతాది. రేపు ఇంకో పిల్ల వచ్చి నాదీ చూపీయమంటాది. అదీ కాదు అని తేలుతాది. తొమ్మిదిమంది నేను కాదు నేను కాదు అని చేతులెత్తితే, పదో మనిషి చెయ్యెత్తకనే తెలిసిపోదా? దాచేది లేనోళ్ళు దాచుకుంటేనే ఓనరప్పా, దాచుకోవాల్సిన ఆ ఒక్క పిల్లకి చోటు."

లైబ్రరీలో ఇన్నేళ్ళు కూర్చున్నా ఆ మాట నాకు ఎక్కడా దొరకలేదు. కానీ ఆ పూట నాకు న్యాయం అక్కర్లేదు. గౌరి ఉద్యోగం కావాలి.

"నీకు జాలి లేదా?" అని అరిచాను.

ఆమె తడిగుడ్డ పిండి కంప్యూటరు మీద ఆరేసింది. "ఎక్స్‌ఛేంజీలో ఒకసారి నేనూ చెప్పినా" అంది. "మంచికే అనుకోని చెప్పినా, నీ అట్లనే."

"ఏం చెప్పినావు?"

"అది చెప్తే మళ్ళీ చెప్పినట్లే గదప్పా."

అప్పుడే గౌరి లోపలికి వచ్చింది. ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చినట్టుంది. నన్ను చూసి కొంచెం ఆగి, ఆమెతో అంది: "అమ్మా, నేను ఈడికొచ్చిన టైము కూడా వాండ్ల బుక్కులో ఉండాది. పదీ ముప్పావు అని. నువ్వు చెప్పలేదని నాకు తెలుసు. ఎవురు చెప్పినారు?"

ఆపరేటరమ్మకు తెలుసు. కాసేపటి కిందటే నా నోటితోనే చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. చూపు కూడా ఒక మాటే అవుతుందని ఆమెకు తెలుసు. గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి, "నా నోట్లోంచి రాదమ్మా" అంది.

"నా ఉద్యోగం పోతాండాది అమ్మా!"

"తెలుసు తల్లీ. నీ పక్కన ఎవురుండిరో నువ్వు చెప్పుకుంటావా, చెప్పుకోవా, అది నీది. చెప్పినా నిన్ను నేనేమీ అనను. నాది మాత్రం రాదు."

గౌరి ఆ మూడు తడికల వైపు చూసింది. ఆదివారం తన పక్క తడిక వెనక ఎవరున్నారో ఆమె కళ్ళలో తిరుగుతోందని నాకు అనిపించింది. ఒక్క పేరు చెబితే పొద్దున మిషను ముందు కూర్చోవచ్చు. తమ్ముడి కాలేజీ మొదలవుతుంది. గోడగడియారం టకటకమంటోంది. రేడియో ఆ రోజు మోగడం లేదు.

"నాకేమీ కనబడలేదు" అంది గౌరి, ఎవరితోనో కాదు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "తడికలుండాయి గదా."

బుధవారం పొద్దున గౌరి ట్రంకు పెట్టె నేను మోశాను. బెంగుళూరుకు ఆ చివర పీణ్యలో తెలిసినవాళ్ళెవరో ఇంకో ఫ్యాక్టరీలో చూస్తామన్నారట. జీతం తక్కువ. బస్టాపులో నిలబడి ఉన్నాం. ఆపరేటరమ్మ దాచింది. జీవితాంతం దాచి ఉండేది. కానీ ఆమె చాటున నేను నిలబడలేకపోయాను.

"టైము చెప్పింది నేనే గౌరీ" అన్నాను.

ఆ పిల్ల రోడ్డు వైపే చూస్తూ ఉంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. బస్సు వచ్చింది. పెట్టె ఎక్కించాక మెట్టు మీద నిలబడి నా వైపు తిరిగింది.

"ఇంగ ఏమీ చెప్పొద్దు తాతా. రూములో ఇంగా ఇద్దురుండారు."

బస్సు వెళ్ళిపోయింది.

ఆ వారం తిరక్కుండా ఇస్త్రీ చొక్కా మనిషి మళ్ళీ వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. సార్ అన్నాడు. ఆ మిగతా ఇద్దరు ఆదివారాలు ఎక్కడికి పోతారు సార్, ఊరికే అడుగుతున్నా అన్నాడు. నాకు తెలుసు. నిమిషాలతో సహా తెలుసు. అన్నీ నాలుక చివర ఉన్నాయి. ఒకరు గుడికి, ఒకరు అక్క ఇంటికి. రెండూ మంచి మాటలే. చెబితే ఎవరికీ కీడు కనబడదు. నేను పళ్ళు బిగించి కూర్చున్నాను. అతను రెండోసారి అడిగాడు. మూడోసారి కొంచెం గొంతు పెంచి అడిగాడు. ఏదో ఒకటి అనెయ్యి, పెద్దమనిషివి, ఇంటికొచ్చినవాడికి జవాబు చెప్పకపోవడం మర్యాదేనా అని నా లోపల నేనే నన్ను పొడుస్తున్నాను. పావుగంట తరువాత అతను లేచిపోయాడు.

లేతు మిషను దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు ఇనుము కోసినవాణ్ణి. ఆ పావుగంట చేసినంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. ఆపరేటరమ్మ దాన్ని రోజంతా, ప్రతి రోజూ, వచ్చిన ప్రతి మనిషి కోసమూ చేసింది.